గోడ మీది పొడుగు వాక్యం

ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీకోసం నా అనుభవం ఏదైనా రాయమన్నారు. చెప్పుకోవడానికి మంచి సంగతులు లేకపోలేదు. సన్మానాలున్నాయి, శాలువాలున్నాయి, వీడ్కోలు సభల్లో ముక్కు చీదుతూ ఏడ్చిన పిల్లలున్నారు. అవన్నీ మీరు మరొకరి దగ్గర వినవచ్చు. నేను మాత్రం ఒక భయం గురించి రాస్తాను. పిల్లల ఇంగ్లీషు వాక్యం ఎలా పెరుగుతుందో నాకు క్లాసులో తెలిసింది. అది ఎలా కుంచించుకుపోతుందో ఒక శనివారం పొద్దున వరండాలో తెలిసింది.

తొంభైల మొదట్లో మాట. పటాన్‌చెరు దాటాక రోడ్డు పక్కనున్న జూనియర్ కాలేజీలో పని చేసేదాన్ని. ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి కోస్తా నుంచి మా నాన్నగారు తరలివచ్చారు కాబట్టి నా చదువు, పెళ్లి, కొలువు అన్నీ ఈ చుట్టుపక్కలే జరిగాయి. నా ఉద్యోగం అప్పటికి ఇంకా పర్మనెంటు కాలేదు. ప్రిన్సిపాల్ గారు కుర్చీలో కదిలినా నా గుండె కదిలేది. కాలేజీకి గోడలు గట్టివే, పైన మాత్రం రేకులు. బెంచీలు ఆడపిల్లలకు సరిపోతే మగపిల్లలు కింద కూర్చునేవారు. కంపెనీల కంపు ఏ గాలికి వస్తుందో చూసుకుని ఏ వైపు కిటికీలు మూయాలో పిల్లలే తేల్చేసేవారు. ఆ పని నేను చెప్పి చేయించిన గుర్తు లేదు.

అందరూ తెలుగు మీడియంలో పది పాసై వచ్చినవాళ్లు. ఇంగ్లీషులో ఏం రాయమన్నా మూడు మాటలు, ఒక చుక్క. నాలుగు మాటలు, ఒక చుక్క. నేను లేచాను. నేను పళ్లు తోముకున్నాను. నేను బస్సు ఎక్కాను. ఇలా ఉండేది వరస. తప్పులు దొరికేవి కావు. చదువుతుంటే మాత్రం నిద్ర వచ్చేది.

అదే పిల్లల నోట తెలుగు వింటే వేరు. ఒకసారి ఆలస్యంగా వచ్చిన ఒక అమ్మాయిని గుమ్మంలో ఆపి ఎందుకని అడిగాను. "పొద్దుగాల లేసి, బర్రెకు గడ్డేసి, నీళ్లు మోసి, తమ్మున్ని బడికి తోలి, బస్సు కోసం నిలవడి నిలవడి, అది రాకపోతే ట్రాక్టరెక్కి, గేటుకాడ దిగి ఉరికొస్తున్న మేడం" అంది, ఊపిరి తీసుకోకుండా. అన్ని పనులూ ఒక్క వాక్యంలో ఇమిడిపోయాయి. పొడుగు వాక్యం వీళ్లకు రాక కాదు, ఇంగ్లీషులో దాన్ని ఎక్కడ అతకాలో తెలియకనే చుక్కలు పెడుతున్నారని నాకు అప్పుడు తోచింది. నేను చెప్పబోయేది ఆ అమ్మాయి సంగతే. గుమ్మడిదల వైపు ఒక పల్లె వాళ్లది. తండ్రి ఊరి వాగు ఒడ్డునున్న మందుల కంపెనీలో కాంట్రాక్టు కూలీ. తల్లి, కిరాయి గదుల్లో ఉండే బయటి రాష్ట్రాల కూలీల బట్టలు అదే వాగులో ఉతికేది.

సరే, అతకడం నేర్పుదామని మొదలుపెట్టాను. ముందు 'అండ్' వచ్చింది. లేచినప్పటి నుంచి పడుకునే దాకా మొత్తం రోజును దానితోనే కట్టేశారు. తర్వాత 'బికాజ్' వచ్చింది. ఇక అడ్డూ ఆపూ లేదు. నాకు ఆకలేసింది బికాజ్ నేను అన్నం తిన్నాను అని రాసి, మేడం మెచ్చుకుంటుందని నా ముఖంలోకి చూసేవారు. దసరా ముందు పరీక్షల్లో ఆ దెబ్బ తగిలింది. చుక్కలు పెట్టుకుంటూ పాసైన పిల్లలు అతుకులు వేయబోయి తప్పారు.

నాతో పాటు ఇంగ్లీషు చెప్పే పెద్దాయన ఒకరుండేవారు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి, ఈ ప్రాంతం వారే. పేపర్ల కట్ట చూసి తల పట్టుకున్నారు. "ఎందుకమ్మా పోరగాండ్లను పరేషాన్ చేస్తవు? చిన్నగ రాసి చుక్క పెట్టుమను. చుక్క పెట్టినోడు ఎన్నడన్న తప్పిండా?" అన్నారు. ప్రిన్సిపాల్ గారు ఆ మార్కుల కాగితాన్ని తన బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నారు.

మీకూ ఈ రోజులు వస్తాయి కాబట్టి చెబుతున్నాను. వాక్యం పెరిగే ముందు పాడవుతుంది. పొట్టి వాక్యం దిద్దినట్టు పొడుగు వాక్యాన్ని ఎర్ర సిరాతో ముంచెత్తితే పిల్లలు మళ్లీ చుక్కల్లోకి పారిపోతారు. నేను భయపడుతూనే పట్టు వదల్లేదు. చలికాలం వచ్చేసరికి 'వెన్' కుదురుకుంది, 'హూ' కుదురుకుంది, కారణం ఫలితం తమ తమ చోట్లలో కూర్చున్నాయి. పిల్లలకు ఒక ఆట పెట్టాను. వారం వారం క్లాసులో అందరూ ఒక్కో వాక్యం రాయాలి. కూలిపోకుండా నిలబడ్డ అన్నిటికన్నా పొడుగైన వాక్యాన్ని వాళ్లే ఎన్నుకుని, గోడ పత్రిక నడిమధ్యలో పెద్ద అక్షరాలతో అంటించాలి. అతుకులున్న చోట్ల ఎర్రగీత. ఎన్ని గీతలు పడితే రాసినవాళ్లు ఆ వారం అంతగా కాలరెగరేసేవారు.

ఒక వారం వాళ్ల ఊరి గురించి రాయమన్నాను. ఈ అమ్మాయి ఇంగ్లీషులో రాసింది, మీకోసం తెలుగులో చెబుతాను. "వాన పడ్డప్పుడల్లా కంపెనీ తన నీళ్లు వాగులోకి వదులుతుంది కాబట్టి, అక్కడ బట్టలు ఉతికే మా అమ్మ, అన్నం కూడా కలుపుకోలేనంతగా చేతులు మండుతూ ఇంటికి వచ్చి, నా చేత తినిపించుకుంటుంది."

మొదటిసారి చదివినప్పుడు అతుకులు లెక్కపెట్టాను. ఒక్కటీ ఊడలేదు. ఆనందం పట్టలేక క్లాసు మధ్యలోకి వెళ్లి చదివి వినిపించాను, అందరూ చప్పట్లు కొట్టారు. రెండోసారి చదివినప్పుడు నాకు చేతులు కనిపించాయి. మూడోసారి చదివినప్పుడు కంపెనీ కనిపించింది. అప్పటికి పిల్లలు దాన్ని గోడకు ఎక్కించేశారు. పక్కన స్నేహితురాలు బొమ్మ వేసింది. బండ మీద బట్టలు బాదుతున్న ఆడమనిషి, రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్ర రంగు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూముకు వచ్చి శుభవార్త చెప్పారు. కాలేజీకి బెంచీలు వస్తున్నాయి. శనివారం నాడు కంపెనీ మేనేజరు గారే స్వయంగా వచ్చి ఇస్తారు, పేపరు వాళ్లు ఫోటో తీస్తారు. ఏ కంపెనీ అని పెద్దాయన అడిగారు. వాగు ఒడ్డున ఉన్నదే. నేను తాగుతున్న టీ అలాగే పట్టుకుని కూర్చున్నాను.

వెంటనే తీసేయవచ్చు కదా అంటారు మీరు. నేనూ అలాగే అనుకుని వరండాలోకి పరుగెత్తాను. అక్కడ కంపెనీ నుంచి గది కొలతలు తీసుకోవడానికి వచ్చిన సూపర్‌వైజరు గోడ ముందు నిలబడి బొమ్మ చూస్తున్నాడు. ఇంగ్లీషు జోలికి పోలేదు, కింద రాసిన ఊరి పేరు చూశాడు. "మా వర్కర్ల ఊరి పిల్లనా మేడం? మా సారుకు సూపిస్త, ఖుషీ అయితడు. అప్పటిదాక ఇది గిట్లనే ఉంచుండ్రి" అని నవ్వుతూ వెళ్లాడు. ఇప్పుడు తీసేస్తే ఎందుకు తీశారంటారు. ఉంచితే చదువుతారు.

శుక్రవారం గేటు బయట ఒక మనిషి నిలబడి ఉన్నాడని అటెండరు చెబితే వెళ్లాను. నీలం చొక్కా, చెప్పుల మీద తెల్లటి పొడి మరకలు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడం, నా బిడ్డ ఏందో రాసిందంట, మీరు గోడకు పెట్టిన్రంట. అందుల కంపెనీ మాటున్నదా?"

"కంపెనీ పేరు రాయలేదండీ."

"పేరెందుకు మేడం? మా వాగొడ్డుకు ఉన్నది ఒక్కటే కంపెనీ. మా ఊరికెల్లి మీ కాలేజికొచ్చేది గీ పొల్ల ఒక్కతే. ఇగ తెల్వనిదేమున్నది?" అన్నాడు. గొంతు పెంచలేదు. "పొద్దుగాల గేటుకాడ కాంట్రాక్టరు పేరు పిలుస్తెనే మేం లోపటికి పోవుడు. పిలవకపోతే ఎందుకు పిలవలేవని అడిగెతందుకు లేదు. పోయినేడు ఒకాయన ముక్కుకు కట్టుకునే గుడ్డ అడిగిండు. తెల్లారి ఆయన పేరు పిలవలే. ఇప్పటిదాక పిలవలే."

గేటు తీసి నేనే బయటికి వెళ్లాను.

"దాని తల్లి చేతులు మండుతయి, నేను లేదంటలేను మేడం. నా పని పోతే ఆ చేతులకు తినిపించెతందుకు బువ్వ గూడ ఉండది. జెర సూడుండ్రి" అని, నేను జవాబు చెప్పేలోపే వెనక్కి తిరిగి షిఫ్టుకు పరుగెత్తాడు.

ప్రిన్సిపాల్ గారి గదిలో ముగ్గురం కూర్చున్నాం. నాకు నా ఉద్యోగం భయం, ఆయనకు బెంచీల భయం, పెద్దాయనకు మా ఇద్దరినీ చూసి భయం. ప్రిన్సిపాల్ గారు చెడ్డ మనిషి కాదు. బెంచీల కోసం కంపెనీల చుట్టూ కాళ్లరిగేలా తిరిగినవారు. కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు: "మేడం, చింపితే అడుగుతరు. ఉంచితే మండుతరు. దాన్ని ముక్కలు చేయించుండ్రి. ఫస్ట్ ఇయర్ల వచ్చినప్పుడు ఎట్ల రాసిన్రో గట్ల."

అర్థమైంది. అన్ని మాటలూ ఉంటాయి. అతుకులు ఉండవు. వాన వానే, వాగు వాగే, కంపెనీ కంపెనీయే, చేతులు చేతులే. ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదు.

సాయంత్రం క్లాసులన్నీ అయ్యాక అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పాను. ఏడుస్తుందేమో, ఎదురు తిరుగుతుందేమో అనుకున్నాను. తండ్రి ఇంట్లో ముందే చెప్పినట్టున్నాడు, తల ఊపి స్కెచ్ పెన్ను తీసుకుంది. కొత్త కాగితం మీద రాయబోతూ ఆగింది.

"ఏది ముందు రాయాలె మేడం? వాన రాసి, దాని పక్కనే కంపెనీ రాస్తె చుక్క పెట్టినా తెలుస్తది."

ఈ సంగతి నాకు తట్టలేదు. ఆ పిల్లే ఆలోచించి, కంపెనీని తీసుకెళ్లి మొట్టమొదట పెట్టింది. దాని వెనక ఊళ్లోవాళ్లకు పని దొరికింది అని తనే ఒక వాక్యం కలిపింది. తర్వాత వాన, పంటలు. ఆ తర్వాత వాగు, బట్టలు. చేతుల మాట తీసేయమన్నాను. "బొమ్మల చేతులు ఎర్రగున్నయి గద మేడం. రాయకపోతే గవి ఎందుకున్నయంటరు" అంది. అన్నిటికన్నా కింద, కంపెనీకి వీలైనంత దూరంగా, మా అమ్మ చేతులు మండుతాయి అని రాసి చుక్క పెట్టింది. ఎర్రగీతలు అవసరం రాలేదు.

పెద్దాయన మా వెనకే నిలబడి అంతా చూశారు. ఈయన ఇప్పుడు నన్ను దెప్పుతారనుకున్నాను. "నేను పాసు మార్కుల కోసమే చుక్కలు చెప్పినమ్మా, ఇందుకు గూడ పనికొస్తయని ఎర్కలే" అని మెల్లగా అని, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

శనివారం పొద్దున్నే బెంచీల లారీ వచ్చింది. దించడానికి కంపెనీ నుంచే కూలీలను పంపారు. వాళ్లలో ఆ తండ్రి ఉన్నాడు. నన్ను చూసి చూడనట్టు తల దించుకుని బెంచీ భుజానికెత్తుకున్నాడు. కాసేపటికి కారు వచ్చింది. మేనేజరు గారు నెమ్మదైన మనిషి, మాటకు ముందు నవ్వుతారు. ఉత్తరాది ఆయన, తెలుగు రాదు. దండలు, ఫోటోలు అయ్యాక సూపర్‌వైజరు ఆయన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆయన ప్రతి వాక్యం కింద వేలు పెట్టి చదివారు. కంపెనీ దగ్గర తల ఊపారు. పని దొరికింది అన్న చోట ప్రిన్సిపాల్ గారి భుజం తట్టారు. వేలు కిందకు దిగుతోంది. చిట్టచివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. బొమ్మ చూశారు, మళ్లీ వాక్యం చూశారు. నవ్వు పోలేదు కానీ కదలడం మానేసింది.

ఎవరు రాశారని అడిగి, అమ్మాయిని ముందుకు పిలిపించి, ఇంగ్లీషులో అడిగారు: "మీ అమ్మ చేతులు ఎందుకు మండుతాయి?"

బెంచీ మోస్తున్న తండ్రి మెట్ల మీద నిలబడిపోయాడు. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. తన కూతురిని మేనేజరు ఏదో అడుగుతున్నాడని మాత్రం తెలుసు. భుజం మీది బెంచీ దించడం కూడా మరిచిపోయి కూతురి పెదాల వైపే చూస్తున్నాడు. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. మధ్యలో దూరి నేనే ఏదో ఒకటి చెప్పేయాలని ముందుకు అడుగేశాను.

అమ్మాయి చేతులు కట్టుకుని ఇంగ్లీషులో చెప్పింది: "సార్, మా నాన్న ఎన్నిసార్లు వద్దని చెప్పినా వినని మా అమ్మ, బస్టాండు దగ్గర అమ్మే చవక సబ్బు నురగ ఎక్కువ వస్తుందని దాన్నే కొంటుంది కాబట్టి, చేతులు మండుతాయి."

ఎక్కడా తడబడలేదు. అది పుస్తకంలో లేదు, నేను చెప్పలేదు, ముందుగా రాసుకున్నదీ కాదు. అప్పటికప్పుడు, తండ్రి తిండి తన నోటి మీద ఆధారపడి ఉండగా, అల్లింది. నా క్లాసులో ఎవరూ అంత పొడుగు ఇంగ్లీషు వాక్యం నోటితో చెప్పలేదు. ఒక్క అతుకూ ఊడలేదు. అందులో ఒక్క నిజమూ లేదు.

మేనేజరు గారు హాయిగా నవ్వేశారు. ఆయన నవ్వితే సూపర్‌వైజరు నవ్వాడు, ప్రిన్సిపాల్ గారు నవ్వారు. ఏం మాటలు జరిగాయో తెలియని ఆ తండ్రి కూడా మెట్ల మీద నిలబడి గట్టిగా నవ్వాడు. పిల్లకు ఇంత మంచి ఇంగ్లీషు ఎవరు నేర్పారని మేనేజరు గారు అడిగితే నన్ను చూపించారు. ఆయన చెయ్యి కలిపి అభినందించారు. నా జీవితంలో అంత భయపెట్టిన అభినందన మరొకటి లేదు.

తర్వాతి వారం కంపెనీ నుంచి స్కూటరు మీద ఒక అట్టపెట్టె వచ్చింది. నిండా ఖరీదైన సబ్బులు. వాటిని అమ్మాయి తల్లికి ఇవ్వమని మేనేజరు గారు పంపించారు. ప్రిన్సిపాల్ గారు ప్రార్థన సమయంలో అందరి ముందూ దాన్ని అమ్మాయి చేతిలో పెట్టారు, అందరూ చప్పట్లు కొట్టారు. గేటు దగ్గర తండ్రి పేరు పిలుస్తూనే ఉన్నారు.

వారం వాక్యం ఆట ఆగిపోయింది. నేను ఆపలేదు. పిల్లలే రాయడం మానేశారు. మళ్లీ మూడు మాటలు, ఒక చుక్క. సెలవుల్లో లెక్చరర్ల శిక్షణకు వెళ్లినప్పుడు ఈ పేపర్లు చూపిస్తే, అక్కడి ప్రొఫెసరు గారు పిల్లలు ఒక్కోసారి వెనక్కి వెళ్లడం సహజమేనని, అభ్యాసాలు పెంచమని చెప్పారు. నిజమే అయ్యుండవచ్చు. మీరు మాత్రం వాక్యం ఉన్నట్టుండి పొట్టిదైతే వ్యాకరణం పుస్తకం తీసే ముందు ఆ పిల్లలతో బస్టాపు దాకా ఒకసారి నడిచి రండి. ఎవరి నాన్న ఎక్కడ పని చేస్తాడో తెలుసుకోండి.

హాల్ టికెట్లు పంచిన రోజు ఆ అమ్మాయి అందరికన్నా చివర వచ్చింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"అమ్మ చేతులు ఎలా ఉన్నాయమ్మా?" అన్నాను, తెలుగులోనే.

"మంచిగున్నయి మేడం."

"మంట తగ్గిందా?"

అమ్మాయి వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. మళ్లీ నా వైపు తిరిగి, మేనేజరు గారి ముందు నిలబడ్డట్టే చేతులు కట్టుకుంది.

"సబ్బు మంచిది మేడం" అంది.